పొడుగు కమ్మీ, పొట్టి కమ్మీ

రేడియోలో బొమ్మ కనబడదు. అట్టి రేడియో ముందు మిమ్ము కూర్చుండబెట్టి బొమ్మలను గురించి చెప్పబూనుట కొంత సాహసమే. కాని నేడు నేను చెప్పదలచిన బొమ్మలు కంటితో చూచి, సంతోషించి, విడిచిపెట్టునవి కావు. అక్షరముల వలె కూడబలుకుకొని చదువవలసినవి. బడిలో పిల్లలు వీనిని బార్ గ్రాఫులని అంటారు. తెలుగు పాఠ్యపుస్తకములలో వీనికి కమ్మీ చిత్రములని పేరు. ఇంట పిల్లలున్నచో ఒక గళ్ళ కాగితమును, ఒక పెన్సిలును తీసికొని వచ్చి దగ్గర కూర్చుండుమని చెప్పండి. నేను అంకెలు చెప్పెదను, వారు గీయుదురు, పెద్దలు ప్రశ్నలు వేయుదురు. ఈ పావుగంటలో మనము చేయవలసిన పని అంతయు ఇదే.

ఆరవ తరగతి చదువుచున్న పిల్లవానికి ఒక కమ్మీ చిత్రము చూపి, “ఇందులో అన్నిటికంటె పొడుగైనది ఏది?” అని అడిగినచో వెంటనే వేలు పెట్టి చూపును. తల్లిదండ్రులు తృప్తి చెందుదురు. కాని ఆ మాత్రము పని బడిగడప తొక్కని పసిబిడ్డయు చేయగలదు. రెండు కర్రలలో ఏది పొడుగో చెప్పుటకు చదువు అక్కరలేదు. ఆ పొడుగు దేనిని కొలుచుచున్నది, ఎంతటి కొలతతో కొలుచుచున్నది, ఎక్కడ నుండి కొలుచుచున్నది, చివరకు ఏ సంగతిని మాత్రము చెప్పకుండ ఊరకున్నది అని అడుగగలిగినప్పుడే పిల్లవాడు చిత్రమును చదివినట్లు. ఈ నాలుగు ప్రశ్నలును నేర్పుటకు పెద్దలు గణితశాస్త్ర పండితులు కానక్కరలేదు. కొంచెము ఓపికయు, చుట్టుప్రక్కల చూచెడి అలవాటును ఉన్న చాలును.

చదువుటకు ముందు గీయుట, గీయుటకు ముందు లెక్కించుట. ఇది మొదటి సూత్రము. ఇతరులు గీసిన చిత్రమును పిల్లవాని ముందు పెట్టుటకంటె, వాడు స్వయముగా లెక్కించిన దానిని గీయించుట మేలు. అందుకు దూరము పోనక్కరలేదు. తార్నాక చౌరస్తానే తీసికొందము. ఒక దారి సికింద్రాబాదు వైపు పోవును, ఒకటి హబ్సిగూడ మీదుగా ఉప్పలుకు, ఒకటి లాలాపేటకు, ఒకటి ఉస్మానియా విశ్వవిద్యాలయములోనికి. 2017 నుండి తలపైన మెట్రోరైలు కూడ నడచుచున్నది. ఈ ప్రాంతమున మేడమీది వసారాలో కూర్చున్న పిల్లవానికి లెక్కించుటకు వస్తువులకు కొదువ లేదు. పెద్దలు ప్రక్కన ఉండి, పది నిమిషములపాటు క్రింద పోవు వాహనములను వ్రాయుమనండి. వాహనము పోయినప్పుడెల్ల ఒక నిలువు గీత; నాలుగు గీతలైన పిమ్మట అయిదవ దానిని వానిపై ఏటవాలుగా. అయిదేసి గీతల కట్టలుగా లెక్క సులువగును.

రెండు నిమిషములైనను కాకమునుపే ఒక తగవు పుట్టును. బడి బస్సును ఆర్టీసీ బస్సుతో కలుపవలెనా, వేరుగా వ్రాయవలెనా? సామాను మోయు ఆటో, మనుషుల నెక్కించు ఆటో రెండును ఒకటేనా? ఈ తగవును పెద్దలు తొందరపడి తీర్చరాదు. దేనిని ఏ గుంపులో చేర్చవలెనో నిర్ణయించుటయే లెక్కలన్నిటికిని పునాది. జనాభా లెక్కలు వ్రాయు ఉద్యోగి మొదలుకొని పంటల లెక్క వ్రాయు ఉద్యోగి వరకు అందరికిని వచ్చు చిక్కే ఇది. పిల్లలు వాదించుకొని ఒక నియమము పెట్టుకొని, దానిని కాగితము అడుగున వ్రాసికొన్నచో, ఒక పాఠము అప్పుడే అయినట్లు.

ఇప్పుడు గీయుదము. లెక్కలో 40 ద్విచక్ర వాహనములు, 20 కార్లు, 12 ఆటోలు, 4 బస్సులు వచ్చినవనుకొందము. కాగితము అడుగున ఒక అడ్డగీత, ఎడమ ప్రక్కన ఒక నిలువు గీత గీయవలెను. అడ్డగీత క్రింద వాహనముల పేర్లు. నిలువు గీత వెంట అంకెలు. ఒక్కొక్క గడి 4 వాహనములకు గుర్తు అనుకొన్నచో, ద్విచక్ర వాహనములకు 10 గళ్ళు, కార్లకు 5, ఆటోలకు 3, బస్సులకు ఒకటి. కమ్మీల వెడల్పు అన్నిటికిని ఒకటిగా ఉండవలెను. నడుమనుండు ఖాళీయు సమానముగా ఉండవలెను. ఎందుకనగా ఇక్కడ మాటలాడునది పొడవు ఒక్కటే. ఒక కమ్మీని లావుగా గీసినచో, కన్ను దాని వైశాల్యమును చూచి మోసపోవును.

చిత్రము సిద్ధమైనది. ఇక ప్రశ్న. “ఈ దారిన మనుషులు ఎక్కువగా దేనిలో పోవుచున్నారు?” అని అడగండి. పిల్లవాడు తడుముకొనకుండ అన్నిటికంటె పొడుగైన కమ్మీని చూపును. అప్పుడు నిదానముగా లెక్క చేయించండి. ఒక్కొక్క ద్విచక్ర వాహనము మీద ఇద్దరేసి ఉన్నారనుకొన్నను 80 మంది. ఒక్కొక్క బస్సులో 40 మంది ఉన్నచో 160 మంది. అన్నిటికంటె పొట్టిగా మూలన నిలిచిన కమ్మీయే అందరికంటె ఎక్కువ మందిని మోయుచున్నది! చిత్రము అబద్ధమాడలేదు. అది వాహనములను లెక్కించినది. మనము మనుషులను గురించి అడిగితిమి. ఏ ప్రశ్నకు గీసిన చిత్రము ఆ ప్రశ్నకే జవాబు చెప్పును. ఈ ఒక్క సంగతి పిల్లవాని మనస్సునకు ఎక్కినచో సగము చదువు వచ్చినట్లే.

ఈ కమ్మీ చిత్రములకును ఒక చరిత్ర ఉన్నది. విలియం ప్లేఫేర్ అను స్కాట్లండు దేశీయుడు 1786లో లండనులో ప్రకటించిన వాణిజ్య, రాజకీయ పటముల గ్రంథములో, స్కాట్లండు 17 దేశములతో ఒక సంవత్సరము జరిపిన ఎగుమతి దిగుమతులను కమ్మీలుగా గీసి చూపినాడు. ఏండ్ల తరబడి లెక్కలు దొరికిన చోట అతడు ఎక్కి దిగు గీతలను గీసినాడు. స్కాట్లండుకు అట్టి వరుస లెక్కలు దొరకక, ఉన్న ఒక్క సంవత్సరపు లెక్కతో కమ్మీలను గీయవలసి వచ్చినది. కాలక్రమము లేనందున దీని ప్రయోజనము తక్కువయని అతడే అభిప్రాయపడినాడు. కాని లోకము ఆ కమ్మీలనే పట్టుకొన్నది. నేడు పంచాయతీ కార్యాలయపు గోడ మీదను, దినపత్రికలోను, చేతిలోని ఫోనులోను అవే కనబడుచున్నవి.

తార్నాకలో మరియొక చోటు ఉన్నది. విశ్వవిద్యాలయమునకు చేరువనే జాతీయ పోషకాహార సంస్థ. విశ్వవిద్యాలయము 1918లో వెలసినది. అదే సంవత్సరము దూరమున నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి ఒక చిన్న పరిశోధన మొదలుపెట్టినాడు. ఆ పరిశోధనయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. మన దేశపు తిండిగింజలలో, ఆకుకూరలలో, పండ్లలో, మాంసములలో ఏ పోషకము ఎంత ఉన్నదో కొలిచి పట్టికలు వేయుట ఈ సంస్థ చేసిన గొప్ప పనులలో ఒకటి. 2017లో ప్రకటించిన పట్టికలలో 528 ఆహారపదార్థముల లెక్క ఉన్నది. మన ఇంటి వంటయింటిలోని డబ్బాలే ఆ పట్టికలలోని వరుసలు. పిల్లలచేత గ్రాఫు గీయించుటకు ఇంతకంటె మంచి సామగ్రి ఎక్కడ దొరుకును?

నాలుగు ధాన్యములను తీసికొందము: బియ్యము, జొన్నలు, సజ్జలు, రాగులు. ఆ పట్టికల ప్రకారము 100 గ్రాముల గింజలలో ఉన్న మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, దగ్గరి పూర్ణాంకములలో ఇవి: బియ్యము 8 గ్రాములు, జొన్నలు 10, సజ్జలు 11, రాగులు 7. పిల్లలు వ్రాసికొన్నారా? ఒక గడికి ఒక గ్రాము చొప్పున నాలుగు కమ్మీలు గీయుమనండి. సజ్జల కమ్మీ అన్నిటికంటె పొడుగు, రాగుల కమ్మీ అన్నిటికంటె పొట్టి. బడిలో కూడ తరచుగా ఇక్కడనే ఆపుదురు. మనము ఆపవద్దు.

అవే ధాన్యములు, అదే 100 గ్రాములు. ఇప్పుడు ఎముకలకును పండ్లకును కావలసిన సున్నము, అనగా కాల్షియము, మిల్లీగ్రాములలో: బియ్యము 7, జొన్నలు 28, సజ్జలు 27, రాగులు 364. ఇంతకు మునుపటివలె గడికి ఒకటి చొప్పున గీయబోయినచో రాగుల కమ్మీ కాగితము దాటి, బల్ల దాటి, గోడ ఎక్కును. పిల్లలు నవ్వుదురు, నవ్వనివ్వండి. కొలతబద్దను, అనగా స్కేలును, మార్చవలసిన అవసరము వారికి అప్పుడు తెలియును. గడికి 20 మిల్లీగ్రాములు పెట్టినచో రాగులకు 18 గళ్ళు దాటి కొంచెము, జొన్నలకును సజ్జలకును ఒక్కొక్క గడి దాటి కొంచెము, బియ్యమునకు అరగడి కూడ నిండదు.

రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. మొదటి దానిలో అందరికంటె వెనుకబడిన రాగులు రెండవ దానిలో ఆకాశమంటినవి. మరి మంచి ధాన్యము ఏది? ఈ ప్రశ్న అడిగి, మాటలాడక కూర్చొనండి. “దేనికి మంచిది?” అని పిల్లవాడు ఎదురుప్రశ్న వేసిన క్షణమే మీ శ్రమ ఫలించినట్లు. పొడుగైనది ఎల్లప్పుడు మంచిది, పొట్టిది ఎల్లప్పుడు చెడ్డది అను భ్రమ చాలమంది పిల్లలలో ఉన్నది. మార్కుల పట్టికలు చూచి చూచి అలవాటైన భ్రమ అది. జ్వరముతో వచ్చిన రోగుల సంఖ్యకు గీసిన కమ్మీ పొట్టిదగుచున్నకొలది సంతోషింపవలెను గదా!

ఫ్రాన్సెస్ కర్సియో అను విద్యావేత్త 1987లో ప్రకటించిన పరిశోధనలో గ్రాఫులను గ్రహించుటలో మూడు మెట్లు ఉన్నవని చెప్పినది. ఉన్నది చదువుట మొదటి మెట్టు. జొన్నలలో ప్రోటీను ఎంత? 10 గ్రాములు. ఉన్నవానిని ఒకదానితో ఒకటి పోల్చి చదువుట రెండవ మెట్టు. జొన్నలలో బియ్యముకంటె ఎంత ఎక్కువ? 2 గ్రాములు. ఉన్నదానిని దాటి ఆలోచించుట మూడవ మెట్టు. అయినచో మనము రోజును రాగిసంకటియే తినవలెనా? ఈ మూడవ ప్రశ్నకు చిత్రములో జవాబు లేదు. ఒక పూటకు మనము ఎంత తినుచున్నాము, ప్రక్కన పప్పు ఉన్నదా, పాలున్నవా, తిన్న సున్నములో శరీరము ఎంతవరకు గ్రహించును అను సంగతులు కమ్మీలు చెప్పవు. అవి మరియొకచోట వెదకవలెను. వెదకవలెనని తెలియుటయే మూడవ మెట్టు. మొదటి మెట్టు మీదనే ఇల్లు కట్టుకొని కూర్చుండు పిల్లలు పెద్దవారైన పిమ్మటను అక్కడనే ఉందురు.

ఇప్పుడు ఒక చిన్న కనికట్టు చూపెదను. పిల్లలు జాగ్రత్తగా వినవలెను. ప్రోటీనుల అంకెలే మరల తీసికొనండి: బియ్యము 8, జొన్నలు 10, సజ్జలు 11, రాగులు 7. ఈసారి నిలువు గీత అడుగున సున్నకు బదులు 6 అని వ్రాయండి. దానిపై గడికి 7, ఆపైన 8, అట్లు 11 వరకు. ఇప్పుడు కమ్మీలు గీయండి. రాగులకు ఒక గడి, బియ్యమునకు రెండు, జొన్నలకు నాలుగు, సజ్జలకు అయిదు. చూచినవాడు ఏమనుకొనును? రాగులకంటె సజ్జలలో అయిదు రెట్లు ప్రోటీను ఉన్నదనుకొనును. నిజముగా 7కును 11కును ఉన్న తేడా ఒకటిన్నర రెట్లు మాత్రమే. ఒక్క అంకె కూడ అబద్ధము కాదు. కాని చిత్రము మొత్తము మీద అబద్ధము.

ఇట్టి కమ్మీలు ప్రకటనలలో తరచుగా కనబడును. మా పొడి కలిపి త్రాగిన పిల్లవాడు ఇంత పొడుగు, త్రాగనివాడు ఇంత పొట్టి అని రెండు కమ్మీలు చూపుదురు. క్రింద సున్న ఉన్నదో లేదో కనబడనీయరు. ఒక్కొక్కసారి ప్రక్కన అంకెలే ఉండవు. ఇంటి ఖర్చులో కొంత భాగము ఆ రెండు కమ్మీల మాట విని పోవుచున్నది. వారము సంపాదనతో ఇల్లు గడుపుకొను తల్లి ఆ డబ్బాను కొన్నచో, నష్టపోవునది లెక్కల పాఠములో రెండు మార్కులు కాదు. ఆ వారము గుడ్లు, పాలు. కనుక పిల్లవానికి ఒక అలవాటు చేయండి. కమ్మీల తలలను చూచుటకు ముందు పాదములను చూడవలెను. పాదముల వద్ద సున్న ఉన్నదా? లేనిచో ఎందుకు లేదు? ప్రక్కన కొలత వ్రాసినారా? పదకొండేండ్ల పిల్ల టెలివిజను ముందు కూర్చుండి ఈ ప్రశ్నలు అడిగినచో ఆ ఇల్లు సులువుగా మోసపోదు.

ఏడవ తరగతికి వచ్చుసరికి జంట కమ్మీలు వచ్చును. ఒక్కొక్క సంవత్సరమునకు రెండేసి కమ్మీలు, ఒకదాని ప్రక్కన ఒకటి ఆనుకొని ఉండును. దీనికి మన జనాభా లెక్కలనే తీసికొందము. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఏడేండ్లు, అంతకు పైబడినవారిలో అక్షరాస్యులు నూటికి ఎందరు? 1991లో పురుషులు 55, స్త్రీలు 33. 2001లో పురుషులు 70, స్త్రీలు 50. 2011లో పురుషులు 75, స్త్రీలు 59. గడికి 5 చొప్పున గీయించండి. పురుషులకు ఒక రంగు, స్త్రీలకు మరియొక రంగు. ఏ రంగు ఎవరిదో ఒక మూల వ్రాయవలెను. ధాన్యముల కమ్మీలను మన ఇష్టము వచ్చిన వరుసలో పెట్టుకొనవచ్చును. సంవత్సరములను అట్లు మార్చరాదు. కాలము ముందుకే నడచును గనుక కమ్మీలును ఆ వరుసనే నిలువవలెను.

ఉన్నది చదివినచో, రెండు రంగులును పెరిగినవి. సంతోషమే. పోల్చి చదివినచో, నడుమనున్న ఎడము 22 నుండి 20కి, 20 నుండి 16కు తగ్గినది. తగ్గినది గాని పోలేదు. అందరు ఆడపిల్లలు బడికి పోవుచున్నప్పుడు ఈ ఎడము ఎందుకు మిగిలినదని పిల్లలు అడుగుదురు. నాయనమ్మ ఇంట ఉన్నచో ఆమెను పిలిచి ఆ చిత్రము చూపుమనండి. ఆ కమ్మీలలో ఏడేండ్ల పిల్లయు ఉన్నది, డెబ్బది యేండ్ల ముదుసలియు ఉన్నది. తన చిన్ననాడు ఊరిలో బడి ఉన్నదా, ఉన్నను పంపినారా, పంపినను ఎన్నవ తరగతిలో మాన్పించినారు అను సంగతులు ఆమెయే చెప్పవలెను. కమ్మీ నూటికి ఎందరో చెప్పును, ఎందుకో చెప్పదు. ఆ ఎందుకును తెలిసికొనుటకు మనుషులతో మాటలాడవలెను. ఈ మాట పిల్లలకు ఎంత చిన్న వయస్సున తెలిసిన అంత మంచిది.

తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును రెండు మూడు సూచనలు. చిన్న పిల్లలకు మొదటనే గళ్ళ కాగితము ఇవ్వవద్దు. చింతగింజలను, అగ్గిపెట్టెలను నేలమీద వరుసలుగా పేర్పించండి. వరుసలన్నియు ఒకే గీతనుండి మొదలు కావలెనని మాత్రము పట్టుబట్టండి. సున్న అనగా ఏమో అక్కడనే తెలియును. పిమ్మట అగ్గిపెట్టెకు బదులు ఒక గడి. ఆ పిమ్మట ఒక గడికి రెండు, అయిదు, పది. ఒక గడికి ఒకటికంటె ఎక్కువ విలువ ఉన్నప్పుడే పిల్లలు ఎక్కువగా తడబడుదురు. కమ్మీ తల రెండు గీతల నడుమ ఆగినచో మరింత తికమకపడుదురు. అచ్చట తొందరపడక, “10కిని 20కిని సరిగా నడుమ ఏమున్నది?” అని అడుగుచు నడిపించవలెను.

ఆదివారము ఉదయము విశ్వవిద్యాలయపు ఆవరణలో నడవబోవు అలవాటున్నవారు పిల్లలను వెంట తీసికొనిపోవచ్చును. ఆర్ట్స్ కళాశాల రాతిభవనము చూచుటతోబాటు, దారి ప్రక్కన నూరు చెట్లను లెక్కించి, వేప ఎన్ని, కానుగ ఎన్ని, తురాయి ఎన్ని, పేరు తెలియనివి ఎన్ని అని వ్రాయించండి. పేరు తెలియనివాని కమ్మీయే అన్నిటికంటె పొడుగు కావచ్చును. సిగ్గుపడనక్కరలేదు. వచ్చే ఆదివారము ఆ కమ్మీని కొంత పొట్టి చేయుట ఇంటిల్లిపాదికిని మంచి పని.

గీసిన చిత్రము క్రింద పిల్లవానిచేత మూడు వాక్యములు వ్రాయించుట మరువకండి. చిత్రములో ఉన్న సంగతి ఒకటి, పోల్చి తెలిసికొన్న సంగతి ఒకటి, చిత్రము చెప్పలేని సంగతి ఒకటి. ఈ మూడవ వాక్యము వ్రాయుటకు పిల్లలు చాలసేపు పెన్సిలు కొరుకుదురు. కొరుకనివ్వండి. ఆలోచన అక్కడనే జరుగుచున్నది.